వాజీకరణ మూలికలు
(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆయుర్వేదమునకు ఎనిమిది అంగములు. కాయచికిత్స, బాలచికిత్స, గ్రహచికిత్స, ఊర్ధ్వాంగచికిత్స, శల్యము, విషచికిత్స, రసాయనము అను ఏడింటిని గూర్చి నలుగురిలో మాటలాడుటకు ఎవరును సంకోచింపరు. ఎనిమిదవదగు వాజీకరణము పేరెత్తగానే పెద్దలు గొంతు తగ్గింతురు; పిన్నలు ముసిముసి నవ్వులు నవ్వుదురు. చరకుడు మాత్రము గొంతు తగ్గింపలేదు. చరకసంహిత చికిత్సాస్థానమున మొదటి అధ్యాయము రసాయనము, రెండవది వాజీకరణము. జ్వరచికిత్స సైతము ఆ తరువాతనే వచ్చును. సుశ్రుతుడు తన చికిత్సాస్థానమున 26వ అధ్యాయమును, వాగ్భటుడు అష్టాంగహృదయమున చిట్టచివరి అధ్యాయమును ఈ విషయమునకే కేటాయించిరి. ఇంత గౌరవముతో శాస్త్రమున ప్రవేశించిన విషయము నేడు బస్సు నిలయముల గోడలమీదికి దిగివచ్చినదన్నచో, ఆ దోషము మూలికలది కాదు.

వాజి యనగా గుఱ్ఱము. పురుషునికి గుఱ్ఱమువంటి బలమును చేకూర్చునది వాజీకరణమని ఒక వ్యుత్పత్తి. ప్రకటనలవారు ఆ ఒక్క మాటను పట్టుకొని గుఱ్ఱపు బొమ్మను వేసికొనిరి. అధ్యాయమును తెఱచి చూచినవారికి అందు ముందుగా కనబడునది గుఱ్ఱము కాదు, బిడ్డ. సంతానము లేని పురుషుని చరకుడు నీడయు ఫలమును లేని ఒంటికొమ్మ చెట్టుతో పోల్చెను. ఔషధములను చెప్పుటకు ముందే, మనస్సునకు నచ్చిన భార్యయే వాజీకరణములలో శ్రేష్ఠమైనదని తేల్చెను. పదునాఱేండ్లు నిండనివానికిని డెబ్బది దాటినవానికిని దాంపత్యసుఖము తగదని హద్దులు గీచెను. భోగమునకు కాక గృహస్థధర్మమునకు చెప్పిన చికిత్స యగుటచేతనే ఈ హద్దులు.

తెలుగున గొడ్రాలు అను మాట కలదు. ఆ యర్థముననే పురుషునికి చెప్పదగిన మాట వాడుకలో లేదు. వందల యేండ్లుగా ఊరిలో ఎవరిని వేలెత్తి చూపిరో ఈ ఒక్క లోటే చెప్పును. శాస్త్రము అట్లు చేయలేదు. పురుషుని బీజమునకు కలుగు దోషములు ఎనిమిదియని చరకుడు లెక్కించి, రంగు, చిక్కదనము, వాసన మున్నగు లక్షణములతో వాటిని వేఱుపఱచెను. పురుషుని అశక్తత నాలుగు కారణముల వలన వచ్చునని చెప్పెను: బీజము దెబ్బతినుట, ధ్వజభంగము, ముసలితనము, శుక్రక్షయము. బీజము చెడుటయు, శక్తి తగ్గుటయు వేర్వేఱు సంగతులని ఇందువలన తెలియుచున్నది. శక్తి చక్కగా ఉండియు బీజము లేనివారు కలరు. బీజము నిండుగా ఉండియు శక్తి చాలనివారును కలరు. ఈ భేదమును నేటి ప్రకటనలు కావలయుననియే చెఱిపివేయుచున్నవి. సంతానము కలుగని దంపతులను నేటి వైద్యులు పరీక్షించినప్పుడు, సుమారు సగము జంటలలో పురుషునియందలి లోపము, ఒంటరిగానో భార్య లోపముతో కలిసియో, కారణముగా బయటపడుచున్నది.

ఉద్యోగరీత్యా ఢిల్లీ, నాగపూరు, కోల్‌కతా వంటి నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో సాధారణముగా జరుగు వరుస ఇట్లుండును. వివాహమై మూడేండ్లు గడచును. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళిన కోడలిని చుట్టపక్కాలు గ్రుచ్చి గ్రుచ్చి అడుగుదురు. రావిచెట్టునకు ప్రదక్షిణములు, నాగులచవితికి పుట్టలో పాలు, ఒక మ్రొక్కు, మఱియొక మ్రొక్కు. తరువాత ఆమెకు రక్తపరీక్షలు, స్కానింగు; ఇంకొక డాక్టరు, ఇంకొక స్కానింగు. ఐదవయేట గాని భర్త పరీక్షకు పోడు. ఆ పరీక్షకు కావలసినది ఒక చిన్న సీసా, ఒక సూక్ష్మదర్శిని, స్వల్ప వ్యవధి. అన్నిటిలోను సులభమైన పరీక్ష అన్నిటికంటె చివర జరుగుచున్నది. అంతవరకు ఆ భర్త ఊరక యుండునా? ఉండడు. ఎవరికిని తెలియకుండ కొరియరులో ఒక డబ్బా తెప్పించుకొనును. ఆ డబ్బామీద వ్రాసియుండు పేర్లు పెన్నేరు, దూలగొండి, పల్లేరు, ముస్లీ. అవి యెట్టివో, వాటి నిజమైన సత్తువ యెంతయో తెలిసికొనుట అవసరము.

పెన్నేరు గడ్డనే సంస్కృతమున అశ్వగంధ యందురు. పచ్చివేరు నలిపినచో గుఱ్ఱపు వాసన వచ్చును గనుక ఆ పేరు. మోకాలెత్తు పొద, పలుచని కాగితపు తిత్తివంటి తొడుగులో ఎఱ్ఱని చిన్నపండు. ఎండిన నేలలలో, తక్కువ నీటితో పండును. మధ్యప్రదేశములోని మందసౌర్, నీమచ్ ప్రాంతములు దీని సాగునకు ప్రసిద్ధములు; రాయలసీమలో అనంతపురము, కర్నూలు వైపునను పండించుచున్నారు. దీని లాటిన్ పేరులోని సోమ్నిఫెరా అను మాటకు నిద్ర తెచ్చునదని యర్థము. ఉత్సాహమునకని అమ్ముడుపోవు వేరునకు నిద్రపేరు ఉండుట వింతగా తోచును గాని, అసలు రహస్యము అందే యున్నదేమో! కలత తగ్గి, నిద్రపట్టి, దేహము తేరుకొన్నవానికి తక్కిన శక్తులును తిరిగి వచ్చుట సహజము. బీజమునకు సంబంధించి 2013లో వెలువడిన ఒక పరిశోధన తఱచుగా ఉదాహరింపబడును. శుక్లకణములు తక్కువగా ఉన్న 46 మంది పురుషులలో కొందఱికి దినమునకు 675 మిల్లీగ్రాముల వేరుసారము, తక్కినవారికి ఔషధగుణము లేని ఉత్త మాత్ర, 90 దినములు ఇచ్చిరి. వేరుసారము తీసికొన్నవారిలో కణముల సగటు సంఖ్య మిల్లీలీటరుకు సుమారు 96 లక్షలనుండి 2 కోట్ల 56 లక్షలకు పెరిగినది. ఫలితము ఆశాజనకమే. కాని 46 మంది యన్నది ఒక చిన్న కార్యాలయపు సిబ్బందితో సమానమైన సంఖ్య. దానిమీద ఒక దేశపు వ్యాపారము నిలబడరాదు.

దూలగొండిని పల్లెటూరి బడిలో చదివిన ఎవరికైనను పరిచయము చేయనక్కఱలేదు. ఆ కాయమీది నూగును తోటివాని చొక్కాలో వేసి, పంతులుగారి బెత్తము దెబ్బలు తిన్నవారు ఈ సభలోను ఉండవచ్చును. ఆత్మగుప్త, కపికచ్ఛువు అనునవి దాని సంస్కృత నామములు. తన్ను తానే కాపాడుకొనునది, కోతికి దురద పుట్టించునది అని భావము. లోపలి గింజలను పాలలో ఉడికించి, పైతోలు తీసి, ఎండబెట్టి పొడిచేయుట వైద్యుల పద్ధతి. 1937లో మదరాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ఈ గింజలనుండి ఎల్-డోపా అను పదార్థమును వేఱుచేసిరి. ఆ పదార్థమే 1960 దశకమున పార్కిన్‌సన్ వ్యాధికి, అనగా కంపవాతమునకు, ప్రధానౌషధమైనది. అది శరీరమున డోపమైనుగా మాఱును. డోపమైను ప్రొలాక్టిను అను స్రావమును అణచును. ప్రొలాక్టిను మితిమీఱినచో పురుషునికి కోరికయు బీజమును రెండును తగ్గును. ప్రాచీనులు ఈ గొలుసును ఎఱుగకయే దాని చివరి కొసను పట్టుకొనిరి. లక్నోలోని వైద్య విశ్వవిద్యాలయమువారు 2009లో ప్రకటించిన పరిశోధనలో, సంతానము లేని 75 మంది పురుషులు దినమునకు 5 గ్రాముల గింజపొడిని మూడు నెలలు సేవింపగా ప్రొలాక్టిను తగ్గి, శుక్లకణముల సంఖ్యయు చలనమును మెరుగుపడెను. అందు పోలికకు తీసికొన్నవారు సంతానము కల ఆరోగ్యవంతులు. ఉత్త మాత్ర తీసికొన్న రోగులు కారు. ఆ లోటును చదువరి మఱువరాదు. ఈ మూలికలన్నిటిలో పనిచేయు తీరు ఇంత స్పష్టముగా తెలిసినది దూలగొండి యొక్కటే. అందుచేతనే అది ఆటవస్తువు కాదు. కంపవాతమునకో, మనోవ్యాధికో మందులు వాడుచున్నవారు వైద్యుని అడుగక దానిని ముట్టరాదు.

పల్లేరు కథ వేఱు. చెప్పులు లేని కాలిలో దిగిన పల్లేరుగాయ బాధ తెలియని తెలుగువాడు అరుదు. గోక్షురమను పేరుతో అది దశమూలములలో ఒకటి. మూత్రవ్యాధులకు దాని వాడుక మిక్కిలి పాతది. పురుషత్వ ఖ్యాతి దానికి ఇక్కడ కొంత యున్నను, ప్రపంచమంతట వ్యాపింపజేసినది బల్గేరియా. అక్కడ దానితో మాత్రలు చేసిరి. వ్యాయామశాలలకును క్రీడాకారులకును అవి చేరినవి. పల్లేరు తిన్నచో పురుష హార్మోను పెరుగునను నమ్మకము ఖండములు దాటినది. తుదకు ఆ బల్గేరియాలోని శాస్త్రజ్ఞులే 2005లో 21 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నాలుగు వారములు ఇచ్చి చూడగా, ఆ హార్మోను ఏమాత్రము పెరుగలేదు. మఱియొక చిక్కు కూడ కలదు. తెలుగునాట చిన్న పల్లేరు, ఏనుగు పల్లేరు అని రెండు మొక్కలున్నవి. అవి వేర్వేఱు కుటుంబములవి. ఏనుగు పల్లేరు కొమ్మను నీటిలో ముంచి త్రిప్పినచో నీరు గ్రుడ్డుసొనవలె జిగురుగా చిక్కబడును. పచారి కొట్టులో పల్లేరని అడిగినవానికి ఏది లభించునో ఆ కొట్టువాని దయ.

ముస్లీలును రెండు. నల్ల ముస్లీయే నేలతాడి. తాటిమొలకవంటి ఆకులు, నేలను అంటుకొని పూయు పసుపుపచ్చని పూవు. తూర్పు కనుమల అడవులలో దొరకును. తెల్ల ముస్లీ, అనగా సఫేద్ ముస్లీ, బొంబాయి చెంతనున్న బోరివలి పేరుమీద లాటిన్ నామము పొందినది. దీని దుంపలకు ధర పెరిగిన 1990 దశకపు చివరను, ఆ తరువాతి కొన్ని యేండ్లను, మధ్య భారతమునను దక్కనునందును పెక్కుమంది రైతులు దీనిని నాటిరి. పంటను తామే తిరిగి కొందుమని మాట యిచ్చి, విత్తనపు దుంపలను బంగారు ధరకు అమ్మినవారు ఉండిరి. పంట చేతికి వచ్చునప్పటికి కొనువారు కనబడలేదు. పురుషుని బలహీనతమీద కట్టిన వ్యాపారము రైతు ఇంటిని కూడ కూల్చిన ఉదంతమిది. శతావరి, అనగా పిల్లిపీచర, నేలగుమ్మడి, అక్కలకర్ర మున్నగునవియు ఈ జాబితాలో చేరినవే. వాటిమీద ఇచ్చట విస్తరింపనక్కఱలేదు.

విస్తరింపదగినది వంటయిల్లు. చరకుని వాజీకరణ యోగములను వరుసగా చూచినవారికి ఒక ఆశ్చర్యము కలుగును. అందు మాటిమాటికిని వచ్చునవి అడవిమూలికలు కావు. మినుములు, పాలు, నేయి, చెఱకు, అరువది దినములలో పండు బియ్యము, గ్రుడ్లు, మాంసము. మినుములను వేయించి విసరి, బెల్లము చేర్చి, నేతితో కట్టిన ఉండను తెలుగువారు ఏమందురో చెప్పవలెనా? సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన అల్లుని పళ్ళెములో సున్నుండ పెట్టిన అత్తగారు చరకసంహిత చదివియుండదు. ఐనను ఆమె చేసినది చరకుడు చెప్పినదే. నాటి వైద్యుని ఎదుట నిలిచినవాడు తఱచుగా కృశించినవాడు, యుద్ధమునందో ప్రయాణమునందో అలసినవాడు. వానికి నేయియు మినుములును ఔషధములే. నేడు కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చుండి, పొట్ట పెంచి, మధుమేహము తెచ్చుకొన్న గుమాస్తాకు అదే యోగము అపకారి కాగలదు. స్థూలత్వమును మధుమేహమును బీజమును శక్తిని రెండింటిని తగ్గించును. వాగ్భటుడు దీనికి మంచి యుపమానము చెప్పెను: శోధింపని దేహమునకు ఇచ్చిన వాజీకరణము మాసిన బట్టకు వేసిన రంగువంటిదట. ముందు ఉదుకుట, తరువాత అద్దకము. పొగాకు మానుట, బరువు తగ్గుట, నిద్ర సరిచేసికొనుట, ఇవి నేటి ఉదుకులు.

ఇక మూలికల హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021లో ప్రకటించిన కొలమానము ప్రకారము, మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణములు కనీస ప్రమాణము. ఈ సంఖ్యకు తక్కువైన ప్రతివానికిని సంతానము కలుగదని కాదు. ఎక్కువైన ప్రతివానికిని కలుగుననియు కాదు. కాని సంఖ్య తగ్గుటకు కారణము ఏదో తెలియవలెను. వృషణముల సిరలు ఉబ్బుట కావచ్చును. దానికి చిన్న శస్త్రచికిత్స కలదు. యౌవనమున వచ్చిన గవదబిళ్ళలు వృషణములకు దిగి చేసిన హాని కావచ్చును. మార్గము మూసికొనిపోయి యుండవచ్చును. కొందఱిలో పుట్టుకతోనే వై క్రోమోసోమున కొంత భాగము లోపించి యుండును. ఈ విషయమై హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు భారతీయ పురుషులమీద విశేషమైన పరిశోధన చేసిరి. మూసిన మార్గమును తెఱచుటకు గాని, లేని క్రోమోసోము ముక్కను అతికించుటకు గాని పెన్నేరునకు శక్తి లేదు. కండలు పెంచుటకు వ్యాయామశాలలలో హార్మోను సూదులు పొడిపించుకొను యువకులలో శుక్లకణముల ఉత్పత్తి మొత్తముగా ఆగిపోవుటయు కలదు. మగతనమునకని వేయించుకొన్న సూది తండ్రి కాకుండ చేయుచున్నది!

భయము మూలికకంటె ఎక్కువ అమ్ముడుపోవును. ఇన్ని చుక్కల రక్తము ఒక్క చుక్క ధాతువగునను లెక్క యువకుల మనస్సులలో నాటుకొన్నది. స్వప్నస్ఖలనమును, మూత్రము తెల్లగా కనబడుటను చూచి తాము క్షీణించుచున్నామని కుమిలిపోవువారిని పరిశీలించి, మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో ఆ భయమునకే ధాత్ సిండ్రోము అని పేరు పెట్టెను. వారికి కావలసినది లేహ్యము కాదు, ఇది రోగము కాదని చెప్పు ఒక పెద్ద. ఉత్తరాదిని రైలులో ప్రయాణము చేయువారికి పట్టాల వెంట గోడలమీద గుప్తరోగ వైద్యుల పేర్లు మైళ్ళ తరబడి కనబడును. ఈ ప్రకటనలను నిషేధించు చట్టము లేదనుకొనుట పొరపాటు. ఔషధములు, ఇంద్రజాల చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము 1954లోనే వచ్చినది. భోగశక్తిని పెంచుదుమని చెప్పి ఔషధమును ప్రకటించుట దానిక్రింద నేరము. సుప్రీముకోర్టు 1959 డిసెంబరులో ఆ చట్టములోని కొన్ని భాగములను కొట్టివేసినను, దాని ముఖ్యోద్దేశమును సమర్థించెను. చట్టము పుస్తకమునందు ఉన్నది. ప్రకటన గోడమీద ఉన్నది.

ప్రకటన కంటె అపాయకరమైనది కల్తీ. సిల్డెనఫిల్ అను మందు 1998లో అమెరికాలో అనుమతి పొందినది. వైద్యుని పర్యవేక్షణలో అది మంచి మందే. కాని కేవలము వనమూలికలే యని డబ్బామీద వ్రాసి, లోపల ఆ మందును రహస్యముగా కలిపి అమ్ముటను అనేక దేశముల ఔషధ నియంత్రణ సంస్థలు మాటిమాటికి పట్టుకొన్నవి. ఒక్క గంటలో గుణము చూపు మూలిక యేదియు శాస్త్రమునకు తెలియదు. అంత త్వరగా గుణము కనబడినచో సంతోషించుటకు బదులు శంకింపవలెను. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను నైట్రేటు మాత్రలు వాడువారు ఇట్టి డబ్బాను తెలియక సేవించినచో రక్తపు పోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అరువది దాటినవారు, ఇంటిలో చెప్పుకొనలేక, ఈ డబ్బాలను కొనువారిలో ఉన్నారు.

నిజమైన మూలికకును దోషము లేదనుటకు వీలులేదు. అశ్వగంధ సేవించిన కొందఱికి కామెర్లు వచ్చిన ఉదంతములను ఐస్‌లాండు, అమెరికా వైద్యులు 2020లో ప్రకటించిరి. డెన్మార్కు 2023లో దాని అమ్మకమునే నిషేధించెను. అది మితిమీఱిన కట్టడి యని ఇక్కడి వైద్యులు వాదింపవచ్చును, ఆ వాదమున కొంత బలము కూడ లేకపోలేదు. కాలేయ వ్యాధి, థైరాయిడు వ్యాధి కలవారు మాత్రము ఆ వాదము తేలువరకు ఆగుట మేలు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకము 1954లో, పై చట్టము వచ్చిన యేటనే, ఢిల్లీలో ఆరంభమైనది. దానిక్రింద అల్లోపతి వైద్యశాలలే కాక ఆయుర్వేద వైద్యశాలలును కలవు. కొరియరు డబ్బాకు బదులు అక్కడికి పోవువాడు ముందుగా రెండు మూడు దినములు విడిచి బీజపరీక్ష చేయించుకొని, ఆ చీటీని వైద్యుని ముందుంచవచ్చును. ఒక శుక్లకణము పుట్టి పూర్తిగా రూపొందుటకు సుమారు 74 దినములు పట్టును. అది నడక నేర్చి బయలుదేరుటకు మఱికొన్ని దినములు. పై పరిశోధనలు మూడేసి నెలలు సాగుటకు కారణమిదే. పదునైదు దినములలో గుణమిత్తునను వైద్యుడు ఈ లెక్కతోనే పట్టుబడును. వైద్యుడు వేరుపొడి వ్రాసి యిచ్చినచో దానిని పాలతో మూడు నెలలు సేవించి, అదే ప్రయోగశాలలో మరల పరీక్ష చేయించుకొని, రెండు చీటీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఆ మూడు నెలలును ఇంటి ఇల్లాలిని మఱియొక స్కానింగునకు పంపనక్కఱలేదు.